పాత రీల్ కెమెరా కొంటున్నారా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రీల్ కెమెరాల మీద మళ్లీ మోజు పెరిగింది. ఒకప్పుడు మన పెళ్లిళ్లు, స్కూలు గ్రూపు ఫోటోలు తీసి, డిజిటల్ రాగానే బీరువా ఎక్కేసిన యాషికాలు, పెంటాక్సులు, నికాన్లు ఇప్పుడు కిందికి దిగుతున్నాయి. కొనే ముందు ఏం చూసుకోవాలని మన రెండు జిల్లాల వాళ్లు అడిగే ప్రశ్నలివి. ముందే ఒక సంగతి: మన దగ్గర ఈ కెమెరాలు విప్పి బాగుచేసే మెకానిక్ దొరకడం చాలా కష్టం. అందుకే నా జవాబులన్నీ ఒకే లెక్క మీద ఉంటాయి. ఇంట్లో మనమే సరిచేసుకోగలిగిన లోపమైతే దాన్ని చూపించి బేరమాడండి. చేసుకోలేనిదైతే ఎంత ముద్దుగా ఉన్నా అక్కడే వదిలేసి రండి.

మొదటిసారి కొంటున్నాను. ఏ కెమెరా వెతకమంటారు?

బ్యాటరీ లేకపోయినా షట్టర్ (ఫోటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే తెర) పడే కెమెరా. ఇదొక్కటి పట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న కెమెరాలో సర్క్యూట్ పోతే ఇక అది షోకేసులోకే. మెకానికల్ షట్టర్‌కు వెలుతురు కొలిచే లోపలి మీటర్ చచ్చిపోయినా ఫోటో పడుతుంది, వెలుతురు లెక్క ఫోన్ యాప్‌తో చూసుకోవచ్చు.

మన వైపు స్టూడియోల్లో కనిపించే వాటిలో పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000, నికాన్ ఎఫ్‌ఎం10 ఈ రకానివే. కె1000 1976 నుంచి 1997 దాకా తయారైంది, బరువు, మొండిది. ఎఫ్‌ఎక్స్-3 తేలిక, కానీ దాని మీది నల్ల తొడుగు పొడిపొడిగా రాలుతుంది. చూడ్డానికి దరిద్రంగా ఉన్నా అది లోపం కింద లెక్క కాదు. ఎఫ్‌ఎం10 బాడీ ప్లాస్టిక్, ఈ మూడింట్లో వయసులో చిన్నది. నికాన్ ఎఫ్‌ఎం2 దొరికితే అదృష్టమే, కానీ అమ్మేవాళ్లకూ దాని విలువ తెలుసు.

కానన్ ఏఈ-1 అందంగా ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కడ చూసినా అదే. 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే షట్టర్ కదలదు. బాగా పనిచేసేది కళ్లారా చూస్తే తప్ప మొదటి కెమెరాగా నేను చెప్పను.

ఇవి మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి?

పాత స్టూడియోలు. విజయనగరం, శ్రీకాకుళం టౌన్లే కాదు, బొబ్బిలి, రాజాం, నరసన్నపేట, టెక్కలి, పలాసల్లో కూడా ముప్పై నలభై ఏళ్లుగా బోర్డు మారని స్టూడియోలు వెతకండి. పాస్‌పోర్ట్ ఫోటో తీయించుకునే నెపంతో వెళ్లి, “మాస్టారూ, మీ దగ్గర పాత రీల్ కెమెరా ఏమైనా ఉందా?” అని అడిగితే చాలామంది లోపలి గదిలోంచి ఒక సంచీ తెస్తారు.

దుకాణంలో అమ్మేవాడి కన్నా వాడిన మనిషి దగ్గర కొనడం మేలు. ఆయనకు ఆ కెమెరా రోగం తెలుసు, మర్యాదగా అడిగితే దాచరు కూడా. “బాగుందా?” అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. “ఆఖరిసారి రీలు ఎప్పుడు వేశారు?” అని అడగండి. “ఏటీ అవలేదు బాబూ, మొన్నటిదాకా పెళ్లిళ్లు తీసిందే” అన్నారనుకోండి, ఆ మొన్న ఏ సంవత్సరమో నెమ్మదిగా తెలుసుకోండి. ఇరవై ఏళ్లు కావచ్చు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు వెంట ఏం పట్టుకెళ్లాలి?

రెండు ఎల్ఆర్ 44 బటన్ సెల్లులు, వాచీ షాపులో దొరుకుతాయి. సెల్ మూత తిప్పడానికి రూపాయి బిళ్ల. శుభ్రమైన మెత్తటి గుడ్డ. పాడైపోయిన రీలు ఒకటి, ఏ స్టూడియోలో అడిగినా ఇస్తారు. టార్చ్, స్లో మోషన్ వీడియో ఎలాగూ ఫోన్‌లో ఉంటాయి. పగటిపూట వెళ్లండి, ట్యూబ్‌లైట్ కింద లెన్స్ చూసి కొనొద్దు.

చేతికి ఇవ్వగానే వెనక డోరు తెరిచి చూడొచ్చా?

ఆగండి. లోపల రీలు ఉండొచ్చు. ఎడమ వైపు ఉన్న రీలు చుట్టే నాబ్‌ను బాణం గుర్తు ఉన్న వైపు మెల్లగా తిప్పండి. ఖాళీగా తిరిగితే రీలు లేనట్టే. కొంచెం తిరిగి బిగుసుకుంటే ఉన్నట్టు. అప్పుడు అమ్మేవారికి చెప్పి, కింద ఉన్న బటన్ నొక్కి రీలు పూర్తిగా వెనక్కి చుట్టి, ఆ తర్వాతే తెరవాలి. అది వారిదే కాబట్టి వారికే ఇచ్చేయండి. ఏళ్ల తరబడి లోపల ఉండిపోయిన రీలు మీద కూడా కడిగిస్తే బొమ్మలు వచ్చే అవకాశం ఉంది. వాళ్లింట్లో ఇప్పుడు లేని మనిషి దాంట్లో ఉండొచ్చు.

లెన్స్‌లో ఫంగస్ అంటారే, అదెలా కనిపెట్టాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. బారువ నుంచి పూసపాటిరేగ దాకా మనదంతా సముద్రపు గాలి. బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటికి కావలసింది తేమ, చీకటి, కదలని గాలి. తోలు కవర్‌లో చుట్టి బీరువా అడుగున పెట్టిన కెమెరాకు ఈ మూడూ దొరుకుతాయి. అందుకే ఇక్కడ దొరికే పాత కెమెరాల్లో షట్టర్ బాగుండి లెన్స్ పోయినవి చాలా ఉంటాయి.

లెన్స్‌ను బాడీ నుంచి విడదీయండి. లోపలికి పడే వెలుతురును పెంచి తగ్గించే ఎఫ్ నంబర్ల రింగును అన్నిటికన్నా చిన్న నంబరుకు, 1.7 కో 2 కో తిప్పండి, లోపలి రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. వెలుగు నేరుగా కంట్లో కొడితే ఏమీ కనబడదు. లెన్స్‌ను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒక్కో అద్దం ఒక్కో లోతులో వెలుగు పట్టుకుంటుంది. తర్వాత తిప్పి, ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి చూడండి.

కనిపించేవి మూడు రకాలు. విడివిడి చుక్కలు దుమ్ము. నలభై ఏళ్ల లెన్స్‌లో దుమ్ము లేకపోతేనే ఆశ్చర్యపోవాలి, ఫోటోలో అది తెలియదు. అద్దం మొత్తం పొగమంచు పట్టినట్టు తెల్లగా మెరిస్తే అది పొర. లోపలి గ్రీజు ఆవిరై అద్దానికి అంటినప్పుడు అలా వస్తుంది. ఎండలో తీస్తే ఫోటోలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. మూడోది ఫంగస్: అంచు దగ్గర మొదలై, చెట్టు వేళ్లలా కొమ్మలు కొమ్మలుగా చీలుతూ మధ్యకు పాకే సన్నని తెల్లటి దారాలు. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

లెన్స్ ఊడని కెమెరా అయితే, ఖాళీగా ఉందని తేలాక వెనక డోరు తెరిచి, స్పీడ్‌ను బి మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకోండి. షట్టర్ తెరుచుకునే ఉంటుంది, టార్చ్ వేసి చూడొచ్చు.

అంచున కొంచెమే ఉంది. కొనకూడదా?

అంచున చిటికెడు ఉంటే ఫోటోలో తేడా కనిపించకపోవచ్చు. కానీ ఫంగస్ అద్దం మీది పూతను తినేస్తుంది. తుడిచినా మచ్చ మిగలొచ్చు. పైగా రెండు అద్దాల మధ్య ఉంటే లెన్స్ విప్పాలి, విప్పేవాళ్లు మనకు దగ్గర్లో లేరు. నా తీర్పు ఇది: లెన్స్ ఊడే కెమెరా అయి, బాడీ బాగుంటే, లెన్స్‌కు విలువ లేదనుకుని బాడీ ధరే ఇవ్వండి. 50 ఎంఎం లెన్స్ విడిగా దొరుకుతుంది. లెన్స్ ఊడనిదైతే వద్దు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కనిపించే ఫంగస్ మాత్రం ఫోటోలో పడదు, చిరాకు అంతే.

షట్టర్ శబ్దం బాగానే వస్తోంది. అది చాలదా?

చాలదు. శబ్దం రావడం వేరు, సరైన టైముకు మూసుకోవడం వేరు.

మొదట స్పీడ్‌ను 1 సెకను మీద పెట్టి, రీలు ముందుకు జరిపే లీవర్ లాగి నొక్కండి. లోపల సన్నగా గిర్రుమని చక్రాలు తిరిగిన చప్పుడు వచ్చి, చివర టక్కుమని ఆగాలి. ఆ రెండు టక్కుల మధ్య ఒక సెకను ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పక్కన పెట్టుకోండి. వాడకుండా వదిలేసిన కెమెరాలో మొదట పాడయ్యేది ఇక్కడే. నెమ్మది స్పీడ్లను నడిపే చిన్న చక్రాలకు వేసిన నూనె ఎండి జిగురవుతుంది. దాంతో సెకను కాస్తా రెండవుతుంది, లేదా గిర్రు మధ్యలో ఆగిపోయి షట్టర్ తెరిచే ఉండిపోతుంది. తర్వాత 1/2, 1/4, 1/8 ఒక్కొక్కటీ నాలుగైదుసార్లు నొక్కి వినండి. ప్రతి మెట్టుకూ చప్పుడు సగానికి తగ్గాలి. నొక్కేకొద్దీ సర్దుకుంటే మంచి లక్షణమే, చాన్నాళ్లుగా నిద్రలో ఉందన్నమాట. నొక్కేకొద్దీ మారిపోతూ ఉంటే వదిలేయండి.

వేగం స్పీడ్లు చెవికి అందవు. లెన్స్ తీసి, వెనక డోరు తెరిచి, కెమెరాను తెల్లటి ఆకాశం వైపు పట్టుకుని వెనక నుంచి చూస్తూ 1/1000 మీద నొక్కండి. రెప్పపాటులో పూర్తి దీర్ఘచతురస్రం వెలగాలి. ఒక పక్క చీకటిగా ఉంటే రెండు తెరలూ ఒకే వేగంతో పరిగెత్తడం లేదు. ఫోటోలోనూ ఆ పక్క నల్లగానే వస్తుంది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే మధ్య స్పీడ్లను లెక్కపెట్టవచ్చు. 1/30 లో షట్టర్ సుమారు 8 ఫ్రేముల పాటు తెరిచి కనిపించాలి, 1/60 లో 4. అంతకన్నా వేగమైతే ఈ లెక్క నమ్మకంగా తేలదు.

తెరను కూడా చూడండి. కె1000 లాంటి వాటిలో అది నల్లటి గుడ్డ. ముడతలు, సూది చిల్లులు ఉంటాయేమో చీకటి గదిలో టార్చ్ వేసి వెతకండి. ఎఫ్‌ఎక్స్-3, ఎఫ్‌ఎం10, ఎఫ్‌ఎం2 లలో లోహపు రేకులు. వాటి మీద నూనె మరకలు, వంకరలు ఉండకూడదు. వేలితో మాత్రం ముట్టుకోవద్దు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

1 సెకను ఒక్కటే తేడాగా ఉండి, 1/60 నుంచి పైవన్నీ బాగుంటే? మనం పగటిపూట వాడేది 1/60 నుంచి 1/500 మధ్యే. ధర తగ్గించి కొనుక్కోండి, నేనైతే కొంటాను.

సెల్ఫ్ టైమర్ కూడా చూడాలా?

ముట్టుకోవద్దు. పాత కెమెరాల్లో అది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ కూడా ఆగిపోవచ్చు. యాషికామ్యాట్ లాంటి రెండు కళ్ల (ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులున్న) కెమెరాల్లో మరీ జాగ్రత్త. దాని అవసరమూ లేదు.

లీవర్, రీలు లాగడం ఎలా చెక్ చేయాలి?

పాడైన రీలు తెచ్చారుగా, ఎక్కించండి. పళ్ల చక్రం ఫిల్మ్ కన్నాల్లో కూర్చుందో లేదో చూసి డోరు మూయండి. లీవర్ లాగినప్పుడల్లా ఎడమ నాబ్ దానంతట అది తిరగాలి. అది తిరిగితేనే ఫిల్మ్ కదులుతున్నట్టు. కౌంటర్ నంబరు పెరగాలి, డోరు తెరిస్తే మొదటికి రావాలి. కౌంటర్ పనిచేయకపోతే పెద్ద ఇబ్బంది లేదు, కాగితం మీద గీతలు గీసుకోవచ్చు. లీవర్ గరగరమన్నా, ఒక్కోసారి జారిపోయినా మాత్రం ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

మీటర్ పనిచేయడం లేదు. బ్యాటరీ మారిస్తే వస్తుందంటున్నారు.

అందుకే సెల్లులు మనమే పట్టుకెళ్లేది. ముందు సెల్ గూడు చూడండి. తెల్లటి పొడి గానీ ఆకుపచ్చ చిలుము గానీ ఉంటే పాత సెల్ కారిందన్నమాట. కొంచెమైతే దూదికి వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది. చిలుము వైరు పట్టుకుని లోపలికి పాకి ఉంటే మీటర్ మీద ఆశ వదులుకోండి.

కొత్త సెల్లులు వేసి, గోడ వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి తిప్పండి. సూది లేదా లైట్లు మారాలి. అదే చోటును ఫోన్ మీటర్ యాప్‌తో చూసి పోల్చండి. ఒక మెట్టు (అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) తేడా ఉండి, ఎప్పుడూ అదే తేడా అయితే పర్వాలేదు, ఐఎస్‌ఓ (రీలు వెలుతురు పట్టే శక్తి) డయల్ ఒక మెట్టు జరిపి వాడుకోవచ్చు. మెకానికల్ కెమెరాకు మీటర్ అసలు లేకపోయినా నేను కొంటాను. ఎండలో ఎఫ్ 16, స్పీడ్ ఐఎస్‌ఓకు దగ్గరగా పెడితే చాలు. ఐఎస్‌ఓ 200 రీలుకు 1/250. మన ఎండల గురించి చెప్పేదేముంది.

కొన్ని పాత కెమెరాలకు 1.35 వోల్టుల పాదరసం సెల్లులు కావాలి, అవి ఇప్పుడు తయారుకావడం లేదు. అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ వేస్తే మీటర్ తప్పు చెబుతుంది. చెవి మిషన్లకు వాడే 675 నంబరు జింక్ సెల్ 1.4 వోల్టులు, దాదాపు సరిపోతుంది. కాస్త చిన్నది, చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. సెల్ మీది స్టిక్కర్ తీశాక కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు వస్తుంది.

కె1000 కొన్నవాళ్లకు చిన్న మాట: దాని మీటర్‌కు ఆఫ్ స్విచ్ లేదు. లెన్స్ మూత పెట్టకపోతే సెల్ అయిపోతూనే ఉంటుంది.

డోరు తెరిస్తే నల్లటి జిగురు వేలికంటింది. లోపల పాడైపోయిందా?

లేదు, సంతోషించండి. అది వెలుతురు లోపలికి పోకుండా డోరు చుట్టూ అంటించిన స్పాంజి. వయసు మీద పడితే కరిగి తారులా అయిపోతుంది. ఇయర్‌బడ్‌కు స్పిరిట్ అద్ది పాతది తీసేసి, గాడిలో నల్ల ఊలు దారం, అంచున నల్ల వెల్వెట్ ముక్క అంటించుకోవచ్చు. ఒక మధ్యాహ్నం పని. తీసేటప్పుడు ఆ ముక్కలు షట్టర్ మీద పడకుండా చూసుకోవాలి, అంతే. అమ్మేవాళ్లు దీన్ని చూసి తామే భయపడి ధర తగ్గిస్తుంటారు. తగ్గించనివ్వండి.

తుఫానులో తడిసిందట, చాలా తక్కువకు ఇస్తామంటున్నారు.

వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండింటిలో ఇళ్లలోకీ షాపుల్లోకీ నీళ్లు వచ్చినప్పుడు తడిసిన సామాన్లు ఇంకా చేతులు మారుతున్నాయి. పైకి ఆరి, మెరుస్తూ కనబడుతుంది. లోపల చక్రాలకు, స్ప్రింగులకు తుప్పు పడుతూనే ఉంటుంది. గుర్తులు ఇవి: బాడీ కింది స్క్రూల తలలు ఎర్రబడటం, ప్రిజమ్ (వ్యూఫైండర్‌లోకి బొమ్మను చూపే గాజు దిమ్మ) అంచున ఎండిన నీటి చార, తోలు కవర్ లోపల బురద వాసన. అడుగు స్క్రూలకు గీతలు ఉంటే ఎవరో విప్పి చూశారని కూడా అర్థం.

ఫోకస్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మేడ ఎక్కి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూడండి. లెన్స్‌ను చివరిదాకా, పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు దగ్గరకు తిప్పితే టవర్ కడ్డీలు స్పష్టంగా కనిపించాలి. యాషికా ఎలక్ట్రో లాంటి రేంజ్‌ఫైండర్లలో (రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే కెమెరాలు) మధ్యలో కనిపించే రెండు బొమ్మలు ఆ గుర్తు దగ్గర ఒకటైపోవాలి. ఫోకస్ రింగు బిగుతుగా ఉంటే గ్రీజు ఎండింది, వాడుకోవచ్చు. గడగడలాడితే లెన్స్ ఎప్పుడో కిందపడింది.

లెన్స్ లోపలి రేకులు కూడా ఇప్పుడే చూసేయండి. ఎఫ్ 16 మీద పెట్టి, లెన్స్ వెనక ఉన్న చిన్న మీటను వేలితో కదిపి వదిలితే రేకులు టక్కున కదలాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె అంటింది, ఫోటోలన్నీ ఎక్కువ తెల్లగా వస్తాయి.

పాత ఫ్లాష్ లైట్ కూడా కలిపి ఇస్తామంటున్నారు.

ఊరికే ఇస్తే తీసుకోండి. మెకానికల్ రీల్ కెమెరాకు వాడొచ్చు. డిజిటల్ కెమెరా మీద మాత్రం పెట్టొద్దు, పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ వోల్టేజి దాన్ని కాల్చేయగలదు.

ఇంట్లో యాషికా ఎంఎఫ్-2 దొరికింది. దాన్నే వాడొచ్చుగా?

భేషుగ్గా. మన వైపు మధ్యతరగతి ఇళ్లలో దీనితో తీసిన ఫోటో లేని ఆల్బమ్ తక్కువ. ఫోకస్ మార్చే పని లేదు, రెండు పెన్సిల్ సెల్లులు చాలు. సెల్ గూడులో చిలుము, ఫ్లాష్ వెలుగుతుందా లేదా, లెన్స్ మీద ఫంగస్, ఈ మూడే చూడండి. ఫ్లాష్ వెలగడం లేదని విప్పకండి. లోపలి కెపాసిటర్ సెల్లు తీసేసినా గట్టిగా షాక్ కొడుతుంది. వీటికి పెద్ద ధర పెట్టి కొనడం మాత్రం దండగ.

రెండు కళ్ల కెమెరా, అదే యాషికామ్యాట్, దొరుకుతోంది. తీసుకోనా?

124జి అయితే చాలా మంచి కెమెరా. కానీ దానికి 120 అనే వెడల్పాటి రీలు కావాలి, రీలుకు 12 ఫోటోలే. పాత అగ్ఫా క్లిక్ 3 కూడా అదే రీలు, అదే పన్నెండు. మొదటి కెమెరా మామూలు 35 ఎంఎం రీలుది అయితే చేతికి పని అలవాటవుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే?

అమ్మేవారిని నాలుగు అడగండి: లెన్స్ వెనక టార్చ్ పెట్టి తీసిన ఫోటో, డోరు తెరిచిన ఫోటో, సెల్ గూడు ఫోటో, 1 సెకను మీద షట్టర్ నొక్కిన వీడియో. “నాకు కెమెరాల గురించి తెలియదు, టెస్ట్ చేయలేదు” అని రాసి ఉంటే పాడైనదని అనుకునే ధర కట్టండి. బాడీ ఒక్కటే కొంటుంటే మీ లెన్స్ దానికి కూర్చుంటుందో లేదో చూడండి. పెంటాక్స్ లెన్స్ నికాన్‌కు కూర్చోదు.

ఎంత పెట్టొచ్చు?

ఊరిని బట్టి, మనిషిని బట్టి ధర మారుతుంది కాబట్టి అంకె చెప్పను, లెక్క చెబుతాను. ఒకప్పుడు వందకు అటూ ఇటూ దొరికిన కలర్ రీలు ఇప్పుడు వెయ్యికి అటూ ఇటూ ఉంది. కడగడం, స్కాన్, కొరియర్ దానికి అదనం. మీ దగ్గరున్న డబ్బులోంచి కనీసం మూడు రీళ్ల ఖర్చు పక్కన పెట్టి, మిగిలినదే కెమెరాకు. మంచి కెమెరా కొని రీలుకు డబ్బుల్లేక అలమరాలో పెట్టేవాళ్లు ఎక్కువైపోయారు.

బేరంలో కెమెరాను తక్కువ చేసి మాట్లాడకండి. ఆ మాస్టారు దానితో పాతికేళ్లు ఇల్లు నడిపి ఉంటారు. లోపం చూపించండి, ధర అడగండి, చాలు.

కొన్నాక మొదటి రీలు ఎలా వాడాలి? సిరిమానుకు తీసుకెళ్దామనుకుంటున్నా.

పైడితల్లమ్మ సిరిమాను విజయదశమి తర్వాత మంగళవారం వస్తుంది. ఆ పొడవాటి మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో, వాలిపోతున్న వెలుగులో, కొత్తగా కొన్న కెమెరాతో మొదటి రీలు తీయొద్దు. పండగకు నెల ముందే ఒక టెస్ట్ రీలు పూర్తి చేసి, కడిగించి, చూసుకోండి. పండగ రోజు ఐఎస్‌ఓ 400 రీలు వేసుకోండి.

టెస్ట్ రీలుకు 200 ది చాలు. మబ్బు లేని రోజు, ఎండ సమంగా పడే గోడ ఎంచుకోండి. విజయనగరం కోట గోడ దీనికి చక్కగా సరిపోతుంది. స్పీడ్ 1/1000, ఎఫ్ 8 తో ఒకటి. 1/500, ఎఫ్ 11 తో ఒకటి. 1/250, ఎఫ్ 16 తో ఒకటి. లెన్స్‌లో 22 ఉంటే 1/125 తో ఇంకొకటి. పుస్తకంలో వరుస రాసుకోండి. లోపలికి పడే వెలుతురు అన్నిట్లోనూ ఒక్కటే కాబట్టి నెగటివ్‌లు ఒకే చిక్కదనంలో ఉండాలి. ఏది తేడాగా ఉంటే ఆ స్పీడ్‌ది తప్పు. మిగతా రీలు ఇంట్లో మనుషుల్ని, దగ్గరివి, దూరానివి తీయండి.

కడిగి వచ్చాక ఫోటోల్లో ఎర్రటి, నారింజ చారలుంటే డోరు స్పాంజి మార్చాలి. ప్రతి ఫోటోలో ఒకే చోట తెల్లచుక్క ఉంటే షట్టర్ గుడ్డకు చిల్లి. ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే లీవర్ లోపం.

రీలు ఎక్కడ కడిగించాలి?

మన టౌన్లలో కలర్ ల్యాబ్ మెషీన్లు చాలావరకు ఆగిపోయాయి. ఎక్కువమంది పెద్ద నగరాల్లో ల్యాబులకు కొరియర్ చేస్తారు. పంపేముందు ఫోన్ చేసి, నెగటివ్‌లు తిరిగి ఇస్తారా, స్కాన్ ఏ సైజులో ఇస్తారని అడగండి. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. చీకటి సంచి, ట్యాంకు, డి-76 లాంటి డెవలపర్, ఫిక్సర్ ఉంటే చాలు. దానికి నీళ్లు 20 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మన కుళాయి నీళ్లతో అది కుదరదు, ఐస్ ముక్కలు పక్కన పెట్టుకోండి. కలర్ కెమికల్‌కు 38 డిగ్రీలు కావాలి, దానికైతే మన ఎండాకాలం కలిసొస్తుంది.

కొన్న కెమెరాకు ఫంగస్ పట్టకుండా ఎలా దాచాలి?

తోలు కవర్‌లో మాత్రం పెట్టకండి, అది తేమను పీల్చి పట్టుకుంటుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ సంచులు. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. బియ్యంలో పెట్టొద్దు, దాని పొడి లెన్స్ సందుల్లోకి పోతుంది. కళింగపట్నం బీచ్‌కో బారువకో వెళ్లొస్తే ఇంటికి రాగానే బాడీని పొడి గుడ్డతో తుడవండి, ఉప్పు గాలి లోహాన్ని వదలదు. సెల్లులు తీసి పెట్టండి. అన్నిటికన్నా మంచి మందు, పదిహేను రోజులకోసారి బయటికి తీసి, అన్ని స్పీడ్ల మీద నాలుగు క్లిక్కులు కొట్టడం. వాడే కెమెరాలో నూనె గడ్డకట్టదు.

స్టూడియో వాళ్లు డేటు దాటిన రీళ్లు కూడా ఇస్తామంటున్నారు. పనికొస్తాయా?

సరదాకి. పదేళ్లు దాటిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కువ వెలుతురు ఇవ్వాలని ఒక వాడుక లెక్క ఉంది. అయితే రీలు ఫ్రిజ్‌లో ఉందా, రేకుల షెడ్డులో ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. రంగులు ఎటు పోతాయో చెప్పలేం. టెస్ట్ రీలుగా మాత్రం వాడకండి, వచ్చిన తేడా కెమెరాదో ఫిల్మ్‌దో తేలదు.